వంటింటి నుంచి విస్తరి దాకా

కిందటి డిసెంబరు సెలవులకు కాలేజీ నుంచి ఇంటికి వచ్చిన మా అమ్మాయి, బేస్‌మెంటులో ఏదో వెతుకుతూ పాత డీవీడీల పెట్టె బయటకు తీసింది. "నాన్నగారి షష్టిపూర్తి, తెనాలి, 2003" అని నా చేతిరాతతో ఉన్న డిస్కు కనబడితే పెట్టుకుని చూసింది. కాసేపటికి పైకి వచ్చి అడిగింది.

"నాన్నా, తాతయ్య మొహం అలా గళ్ళు గళ్ళుగా ఉందేమిటి? కళ్ళు కూడా సరిగ్గా కనబడటం లేదు."

"పాత వీడియో కదమ్మా" అన్నాను.

"పాతదైతే ఏం? అమ్మమ్మ పెళ్ళి ఫోటో 1974లోది. అందులో అమ్మమ్మ ముక్కుపుడక కూడా కనబడుతుంది."

నా దగ్గర జవాబు ఉంది గాని చెప్పడానికి నోరు రాలేదు. మా నాన్నగారు 2016లో పోయారు. ఆయన మాట్లాడుతుండగా తీసిన వీడియో మా ఇంట్లో అదొక్కటే. కెమెరా మంచిదే, టేపూ మంచిదే. ఆ మొహాన్ని చెడగొట్టినవాణ్ణి నేను. ఇది నా ఒక్కడి సంగతే అయితే ఉగాది సంచికలో చోటు అడిగేవాణ్ణి కాదు. మన సభ్యుల ఇళ్ళల్లో చెప్పుల డబ్బాల నిండా ఇలాంటి టేపులు ఉన్నాయని తెలుసు కాబట్టి, నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పుచ్చకాయంత సినిమా, నిమ్మకాయంత డిస్కు

2003 నాటికి నేను అమెరికా వచ్చి రెండేళ్ళు. ఎమ్మెస్ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరాను. మొదటి జీతాలతో కొన్న వస్తువుల్లో మినీ డీవీ కెమెరా ఒకటి. దాన్ని మెడలో వేసుకుని నాన్నగారి షష్టిపూర్తికి వెళ్ళి నాలుగు టేపులు నింపుకొచ్చాను. హోమం, కలశాభిషేకం అన్నీ అయ్యాక, బంధువులు బలవంతం చేస్తే నాన్నగారు లేచి అయిదు నిమిషాలు మాట్లాడారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. క్లాసులో తప్ప బయట పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తనను బి.ఇడి. చదివించడానికి మా నాయనమ్మ చేతి గాజులు అమ్మిన సంగతి ఆ రోజే మొదటిసారి చెప్పారు. ఆ మాట మా అమ్మకు కూడా అంతకుముందు తెలియదు.

ఆ శీతాకాలం మిషిగన్ మంచులో కూర్చుని ఈ నాలుగు టేపుల్నీ ఒక డీవీడీ చేద్దామని మొదలుపెట్టాను. మినీ డీవీ టేపు గంటకు 13 గిగాబైట్ల దాకా ఉంటుంది. నాలుగు టేపులూ కలిసి 52. నా కంప్యూటరులో ఉన్న డిస్కు మొత్తం 80. అనవసరమైనవి కత్తిరించి, పేర్లు వేసి, రెండు గంటల సినిమాగా కుదించాను. ఇంతవరకూ బాగానే ఉంది.

ఎడిటింగు చేసే సాఫ్ట్‌వేరు వేరు, దాన్ని డీవీడీకి కావలసిన ఎంపెగ్-2 రూపంలోకి కుదించే సాఫ్ట్‌వేరు వేరు. రెండోదాన్ని ఎన్‌కోడరు అంటారు. మంచి ఎడిటరులో మంచి ఎన్‌కోడరు ఉండేది కాదు, మంచి ఎన్‌కోడరుకు ఎడిటింగు వచ్చేది కాదు. కనుక మొదటి దాంట్లో తయారైన సినిమాను ఒక ఫైలుగా రాసి రెండో దానికి అందించాలి.

ఆ ఫైలు ఎంత ఉంటుందో మనమే లెక్క వేసుకోవచ్చు. అమెరికా పద్ధతిలో ఒక ఫ్రేము అడ్డంగా 720, నిలువుగా 480 చుక్కలు. చుక్కకు 2 బైట్ల చొప్పున వేసుకుంటే ఫ్రేముకు దాదాపు 7 లక్షల బైట్లు. సెకనుకు సుమారు 30 ఫ్రేములు. అంటే ఏ కుదింపూ లేకుండా రాస్తే గంటకు 75 గిగాబైట్లు, రెండు గంటలకు 150. నా డిస్కుకు అది రెండింతలు. పుచ్చకాయను నిమ్మకాయలో దాచమన్నట్టయింది.

తెలివైనవాడినని అనుకుని నేనొక పని చేశాను. సినిమాను బాగా కుదించి ఒక చిన్న ఫైలుగా రాశాను. ఆ చిన్న ఫైలును ఎన్‌కోడరుకు ఇచ్చి డీవీడీ చేశాను. డిస్కు తిరిగింది, బొమ్మ వచ్చింది. ఇండియాకు నాలుగు కాపీలు పంపాను. అందరూ మెచ్చుకున్నారు.

కాని జరిగింది ఏమిటంటే, బొమ్మ రెండుసార్లు దెబ్బతింది. ఇలాంటి కుదింపు అంటే కంటికి అంతగా ఆనని వివరాలను తీసి పారెయ్యడం. మొదటి కుదింపులో చర్మం మీది సన్న గీతలు, కంటి మెరుపు పోయి వాటి చోట చిన్న చిన్న గళ్ళు వచ్చాయి. రెండో కుదింపు చేసే ఎన్‌కోడరుకు అది గడి అనీ, ఇది మొహం అనీ తెలియదు. తనకున్న బైట్లలో కొన్నిటిని ఆ గళ్ళ అంచుల్ని కాపాడడానికే ఖర్చు పెట్టింది. మొహానికి మిగిలింది తక్కువ. 4.7 గిగాబైట్ల డిస్కులో రెండు గంటలు పట్టించాలంటే సెకనుకు 5 మెగాబిట్ల కంటే ఎక్కువ రాదు. టేపు మీద అదే బొమ్మకు 25 మెగాబిట్లు ఉండేవి. ఉన్న కాస్త కూడా ఇలా దుబారా అయింది.

డాక్టరుగారి పాఠం

2006లో మన సంఘం ఉగాది కార్యక్రమాన్ని డీవీడీ చేసి సభ్యులకు పంచుదామనుకున్నాము. టేపులు ఒక డాక్టరుగారి దగ్గర ఉన్నాయి. ఆయన రేడియాలజిస్టు, డెబ్బయ్యవ దశకంలో ఈ దేశం వచ్చిన పెద్దమనిషి, వీడియో ఆయన సరదా. నేను నా పద్ధతి గొప్పగా వివరించాను. ఆయన అంతా విని, "ఏమోయ్ ఇంజనీరూ, మధ్యలో ఆ ఫైలెందుకు?" అన్నారు.

"మరి ఒకదాని నుంచి ఇంకొకదానికి ఎలా వెళ్తుంది డాక్టరుగారూ?"

"నా చేతికి ఎక్స్‌రే ఇవ్వకుండా, దానికి ఫోటో తీసి, ఆ ఫోటోకి మళ్ళీ ఫోటో తీసి ఇచ్చావనుకో. ఎముక విరిగిందో, ఫోటో మీద గీత పడిందో నేనెట్లా చెప్పను? కాపీకి కాపీ వద్దు. ఫ్రేమ్ సర్వింగ్ అని ఒకటుంది, చూడు."

సర్వింగ్ అంటే వడ్డనే. ఆ మాటకు ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. మన బంతి భోజనాన్నే తలుచుకోండి. వంటింట్లో వంటవాడు ఉన్నాడు, అతను ఎడిటరు. హాల్లో విస్తరి ముందు కూర్చున్న అతిథి ఎన్‌కోడరు. మధ్యలో గరిటె పట్టుకుని తిరిగే మనిషి ఫ్రేమ్ సర్వరు. నేను చేసిందేమిటంటే, హాల్లో చోటు లేదని కూరలన్నీ ఒరుగులు చేసి డబ్బాల్లో కుక్కి, మళ్ళీ నీళ్ళలో నానబెట్టి వడ్డించడం. వంకాయ ఒరుగు ఎంత నానబెట్టినా తాజా వంకాయ అవుతుందా?

ఫ్రేమ్ సర్వరు పని వేరుగా ఉంటుంది. అతిథి "మొదటి ఫ్రేము" అంటాడు. సర్వరు వంటింట్లోకి కేక వేస్తాడు. ఎడిటరు ఆ ఒక్క ఫ్రేమునూ అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తాడు. అది డిస్కు మీదికి వెళ్ళకుండా కంప్యూటరు మెమరీలోనుంచే ఎన్‌కోడరు నోటికి అందుతుంది. తిన్నాక "రెండో ఫ్రేము" అంటాడు. రెండు గంటల సినిమాకు ఇలా 2 లక్షల 15 వేల సార్లు. ఎప్పుడు చూసినా మెమరీలో ఉండేవి కొద్ది ఫ్రేములే. 150 గిగాబైట్లు ఎక్కడా పోగుపడవు, మధ్యలో కుదింపు లేదు, తరుగు లేదు.

ఒక చిక్కుంది. ఎన్‌కోడరు ఫైళ్ళు మాత్రమే తినడం నేర్చిన మనిషి. అందుకని సర్వరు ఒక ఉత్తుత్తి ఫైలు తయారుచేస్తుంది. పేరుకు ఏవీఐ ఫైలే, లోపల బొమ్మలుండవు. ఇంగ్లీషులో దాన్ని సైన్‌పోస్ట్ అంటారు. హోటల్లో ఇచ్చే టోకెను లాంటిదన్న మాట. ఎన్‌కోడరు ఆ ఫైలు తెరిచి అందులోంచే చదువుతున్నాననుకుంటుంది. నిజానికి ప్రతి ఫ్రేమూ వంటింట్లోంచి వేడివేడిగా వస్తోంది.

ఉచితంగా పెట్టిన మహానుభావులు

ఈ వడ్డనకు పనికొచ్చిన సాధనాలన్నీ ఉచితంగా దొరికినవే. ఏవరీ లీ రాసిన వర్చువల్‌డబ్‌లో ఫ్రేమ్ సర్వరు ఉండేది. బెన్ రూడియాక్-గూల్డ్ మొదలుపెట్టిన ఏవీఐసింత్‌లో అయితే వంట కూడా ఒక చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. ఫలానా ఫైలు తెరువు, ఇక్కడ కత్తిరించు, మచ్చలు తుడువు అని నాలుగు వాక్యాలు రాస్తే, ఆ చీటీనే వీడియో ఫైలనుకుని ఎన్‌కోడరు తెరుస్తుంది. నేను వాడిన వేగాస్ ఎడిటరుకు సరిపోయినది డీబగ్‌మోడ్ ఫ్రేమ్ సర్వర్. దాన్ని రాసినాయన పేరు సతీష్ కుమార్ అని చూసినప్పుడు మనవాడే అన్నంత సంతోషం కలిగింది. అవతలి వైపు విస్తరి ముందు కూర్చున్నది జపాన్ నుంచి వచ్చిన టీఎంపెగెంక్ అనే ఎన్‌కోడరు.

ఎడిటరులో "ఫైలుగా రాయి" అన్న చోట మామూలు రకాలకు బదులు ఫ్రేమ్ సర్వరును ఎంచుకుంటే చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. టోకెను ఫైలు పుడుతుంది. దాన్ని ఎన్‌కోడరులో తెరిచి మొదలుపెట్టమంటే అంతే, ఇక వడ్డన సాగుతుంది. ఆనాటి యంత్రాల మీద రెండు గంటల సినిమాకు రాత్రంతా పట్టేది.

వడ్డనలో జరిగే పొరపాట్లు

మొదటిది, భోజనాలు అయ్యేదాకా వంటిల్లు మూయకూడదు. ఎన్‌కోడింగు నడుస్తున్నంతసేపూ ఎడిటరు తెరిచే ఉండాలి. మొదటి రాత్రే మా ఆవిడ 2 గంటలకు లేచి, "ఏమండీ, కరెంటు దండగ కాదూ?" అని కంప్యూటరు ఆపేసింది. పొద్దున చూస్తే సగం బంతి ఆకుల ముందే ఉంది.

రెండోది, టోకెనును భోజనమనుకోకూడదు. మా మిత్రుడొకరు రెండు గంటల పెళ్ళి వీడియో ఇంత చిన్న ఫైలులో పట్టిందని మురిసిపోయి, ఆ టోకెను ఫైలును సీడీ మీద రాసి బీరువాలో దాచాడు. విస్తరాకు దాచుకుని విందు దాచానన్నట్టు.

మూడోది రంగు. వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. కంప్యూటరు బొమ్మల్లో అది 0 నుంచి 255 దాకా. ఒకరు ఒక కొలతతో వడ్డిస్తే ఇంకొకరు మరో కొలతతో తింటే, పెళ్ళికొడుకు తెల్ల పంచె మీద మడతలు మాయమై సున్నం కొట్టినట్టవుతుంది. రెండు వైపులా ఒకే కొలత ఉందో లేదో ముందు ఒక నిమిషం చేసి చూసుకోవాలి.

నాలుగోది, పాత వీడియోలో ఒక్కో ఫ్రేములో రెండు అరబొమ్మలు ఉంటాయి. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు మరో క్షణానివి. మినీ డీవీలో కింది గీతల బొమ్మ ముందు వస్తుంది. ఎన్‌కోడరుకు పైది ముందని చెప్పామా, కదలిక ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఉగాది డీవీడీకి మేము మొదట చేసిన ప్రతిలో కూచిపూడి ఆడుతున్న అమ్మాయి పాదాలు వణికాయి. ఆ పిల్ల తల్లి చూసి, "మా అమ్మాయి అంత కంగారుగా ఆడలేదండీ" అంది. నిజమే, కంగారుపడింది మేమే. ఒక్క మీట మార్చి మళ్ళీ రాత్రంతా నడిపితే అడుగులు తాళానికి సరిపోయాయి.

అయిదోది, ఇండియా టేపులు పాల్ పద్ధతివి. 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. వాటిని అమెరికా లెక్కకు మార్చాలని తాపత్రయపడవద్దు. మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది. ఈనాటి కంప్యూటర్లు రెండింటినీ చూపిస్తాయి. ఉన్నది ఉన్నట్టే దాచుకోండి.

ఆ రాత్రి టేపుల పెట్టె

ఉగాది డీవీడీ అద్దంలా వచ్చింది. దాన్ని చూసిన రాత్రే నాన్నగారి షష్టిపూర్తిని ఈ పద్ధతిలో మళ్ళీ చేద్దామని టేపుల పెట్టె తీశాను. డిస్కు ఖాళీ కోసం కంప్యూటరులోని ఫైళ్ళు ఎప్పుడో చెరిపేశాను. టేపులున్నాయి కదా అన్న ధీమా.

మొదటి మూడూ సరిగ్గా ఉన్నాయి. నాలుగోది పెడితే తెర మీద మా అమ్మాయి మొదటి పుట్టినరోజు కేకు కనబడింది. కొన్ని నెలల ముందు, అతిథులు వచ్చేసిన హడావిడిలో ఖాళీ టేపు దొరక్క, "ఇది ఎలాగూ డీవీడీ చేసేశాను" అనుకుని దాని మీదే తీశాను. అప్పుడు కూడా తెలివైన పని చేశాననే అనుకున్నాను. నాన్నగారి ప్రసంగం ఆ టేపు మొదట్లో ఉండేది. గంట టేపులో 49 నిమిషాలు పుట్టినరోజు. చివర మిగిలిన 11 నిమిషాలు మాత్రం తెనాలివి.

నాన్నగారు అప్పటికి బతికే ఉన్నారు. ఆ తరువాత మరో పదేళ్ళున్నారు. వెళ్ళిన ప్రతిసారీ ఇంకోసారి మాట్లాడించి తీయవచ్చు. తీయలేదు. ఎలాగూ వచ్చే ఏడు వస్తాం కదా అనుకున్నాను. మనలో చాలామందికి ఈ మాట అలవాటే.

ఇప్పుడు ఏమి చెయ్యాలి

ఈ రోజుల్లో ఫ్రేమ్ సర్వింగ్ అందరికీ అక్కర్లేదు. డిస్కులు చవక, ఎడిటర్లలోనే మంచి ఎన్‌కోడర్లు ఉన్నాయి. 150 గిగాబైట్లు ఇప్పుడు ఒక లెక్క కాదు. అయినా ఏవీఐసింత్ ఈనాటికీ ఏవీఐసింత్ ప్లస్‌గా బతికే ఉంది. దానికి తమ్ముడిలా 2012లో వేపర్‌సింత్ వచ్చింది. పాత టేపుల మచ్చలు తుడిచేవాళ్ళు వీటినే వాడుతున్నారు. సాధనం మారినా దాని వెనక ఉన్న సూత్రం మారలేదు. అసలుకు, చివరి ప్రతికి మధ్య కాపీలు ఎంత తగ్గితే అంత మంచిది.

ఇప్పుడు కొరత డిస్కులది కాదు, టేపు తిప్పే యంత్రాలది. వీసీఆర్‌లు చేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైతో తయారీ ఆపేసింది. మినీ డీవీ కెమెరాకు కావలసిన ఫైర్‌వైరు కొత్త కంప్యూటర్లలో కనబడదు. వీహెచ్ఎస్ టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. చెమ్మ తగిలితే ఆ జిగురు సడలుతుంది, బూజు పడుతుంది. మన కోస్తా ఊళ్ళ ఉక్కలో ఇరవై ముప్పై ఏళ్ళు బీరువాలో ఉన్న టేపు సంగతి వేరే చెప్పాలా?

అందుకని నా మనవి ఇది. ముందుగా ఇంట్లో ఉన్న టేపులన్నీ ఒక చోట చేర్చి, మినీ డీవీ టేపుల రక్షణ మీటను పక్కకు జరపండి. దాని మీద ఇక ఎవరూ రాయలేరు. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే ఈ వ్యాసం లేదు. మినీ డీవీ అయితే ఫైర్‌వైరు ద్వారా టేపు మీది అంకెలను ఉన్నవి ఉన్నట్టే దించుకోండి. వీహెచ్ఎస్ అయితే తరుగులేని పద్ధతిలో దించండి. హఫ్‌యువి, ఎఫ్ఎఫ్‌వి1 అలాంటివి. బంధువులకు పంపడానికి చిన్న ప్రతి వేరుగా చేసుకోండి, కాని దాన్నే అసలు అనుకోవద్దు. అసలు ఫైళ్ళు రెండు డిస్కుల మీద, రెండు ఇళ్ళల్లో ఉంచండి. దించాక కూడా టేపు పారెయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. పందిట్లో మూడో వరసలో కూర్చున్న ఆయన ఎవరో మా అమ్మ ఒక్కతే చెప్పగలదు. అది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

పదకొండు నిమిషాలు

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. "నా పుట్టినరోజు మీదా తీశారు?" అని మాత్రం అంది. తరువాత తనే వెళ్ళి పాత కెమెరా వెతికి తెచ్చింది. ఫైర్‌వైరు ఉన్న పాత కంప్యూటరు ఇంకా పారెయ్యలేదు కాబట్టి ఆ 11 నిమిషాలూ దించుకున్నాము. ఏవీఐసింత్ చీటీ తనే రాసింది. నేను పక్కన కూర్చుని, కింది గీతలు ముందు అని గుర్తుచేశాను.

అందులో ప్రసంగం లేదు. ఆఖరి బంతి ఉంది. అందరి భోజనాలూ అయ్యాక వంటవాళ్ళు, పందిరి వేసినవాళ్ళు కూర్చున్నారు. నాన్నగారు పట్టుపంచె పైకి దోపుకుని పెరుగు బకెట్టు పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగి, "ఇంకొంచెం వెయ్యనా?" అని అడుగుతున్నారు. కళ్ళద్దాల వెనక కళ్ళు స్పష్టంగా కనబడుతున్నాయి. నుదుటి మీద చెమట కూడా కనబడుతోంది. మా అమ్మాయి ఆ పదకొండు నిమిషాలూ రెండుసార్లు చూసింది.

ప్రసంగం మాత్రం ఆ గళ్ళ డీవీడీలోనే మిగిలింది. నయం, ధ్వని చెడలేదు. నాయనమ్మ గాజుల మాట దగ్గర ఆయన గొంతు ఆగి మళ్ళీ అందుకోవడం స్పష్టంగా వినబడుతుంది. దానితోనే తృప్తిపడుతున్నాము.

పనిచేసే వీసీఆర్ ఒకటి, మినీ డీవీ కెమెరా ఒకటి, ఆ పాత కంప్యూటరు మా బేస్‌మెంటులో ఉన్నాయి. అవి మొరాయించేలోపు మన సభ్యులు ఎవరైనా టేపులు పట్టుకుని రావచ్చు. శనివారాలు నేను ఇంట్లోనే ఉంటాను. టేపు తిరగడానికి గంట పడుతుంది. ఈలోగా మా ఆవిడ చేతి పెరుగన్నం, ఆవకాయ ఉండనే ఉన్నాయి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.